ఇనుము అలసటను లెక్కపెట్టిన ఆగస్ట్ వోలర్

ఎంతటి బలవంతుడైనను చేతులతో లాగి త్రెంపజాలని ఇనుప తీగను, చిన్నపిల్లవాడు అటు నాలుగుమార్లు, ఇటు నాలుగుమార్లు వంచి అవలీలగా విరుచును. ఈ సంగతి తెలియనివారుండరు. కాని ఆ తీగ ఎందుచేత విరిగినది, ఎంత వంచినచో ఎన్ని మార్లకు విరుగును, ఎంత కొంచెముగా వంచినచో విరుగక నిలుచును అను ప్రశ్నలు వేసికొని, వానికి సమాధానము రాబట్టుటకై తన నడివయస్సునంతను ధారపోసినవాడొకడు పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీ దేశమునందుండెను. ఆయన పేరు ఆగస్ట్ వోలర్. ఇంజనీరింగు విద్యార్థులు వోలర్ రేఖను పరీక్ష కాగితములపై గీయుదురే గాని, ఆ రేఖ వెనుకనున్న మనుష్యుని గూర్చి విచారించువారు అరుదు. ఆ లోటు కొంతయైనను తీరునని మేము ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

వోలర్ 1819వ సంవత్సరము జూన్ 22వ తేదీన, నాటి హనోవర్ రాజ్యమునందలి సోల్టావ్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి బడిపంతులు. హనోవర్ నగరమున కార్ల్ కార్మార్ష్ అధ్యక్షతన నడచుచుండిన సాంకేతిక విద్యాలయమున వోలర్ చదువుకొనెను. పిమ్మట బెర్లిన్ నగరమున రైలింజనులను నిర్మించు బోర్సిగ్ కర్మాగారమున పనిలో కుదిరెను. ఆ దినములలో రైలు జర్మనీకి క్రొత్త. దానిని నడుపు విద్య తెలిసినవారు తక్కువ. కావున వోలర్ బెల్జియమునకు పోయి రైలింజను నడుపుట స్వయముగా నేర్చుకొని వచ్చెను. ఇది చిన్న విషయమువలె కనబడవచ్చును. కాని పట్టాలపై బండి ఎట్లు ఊగునో, ఎచట ఎగిరిపడునో తన కాళ్ళక్రింద అనుభవించి ఎరిగిన ఇంజనీరు కనుకనే, తరువాత ఆయన కాగితముపైని లెక్కతో తృప్తి చెందలేదని మాకు తోచుచున్నది.

1847లో, 28 ఏండ్ల ప్రాయమున, ఆయన బెర్లిన్ నుండి బ్రెస్లావ్ వరకు పోవు దిగువ సైలీషియా రైల్వేలో బండ్లకును, యంత్రశాలకును అధికారియై ఓడర్ నది యొడ్డునగల ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణమునకు చేరెను. ఇది మైన్ నది యొడ్డునగల ప్రసిద్ధ నగరము కాదు, వేరొక ఊరు. ఇచ్చటనే ఆయన 23 సంవత్సరములు గడపెను. ఆయన కీర్తికి కారణమైన పని యంతయు ఈ రైల్వే యంత్రశాలలోనే జరిగెను.

ఆ పని యెందుకు అవసరమయ్యెనో తెలియవలెనన్న, అంతకు కొన్ని యేండ్లు ముందు ఫ్రాన్సులో జరిగిన ఘోరమును స్మరింపవలెను. 1842 మే 8వ తేదీన వెర్సాయ్‌లో రాజు గౌరవార్థము ఉత్సవము జరిగెను. దానిని చూచి పారిస్ నగరమునకు మరలివచ్చుచున్న జనముతో క్రిక్కిరిసిన రైలు, మెదాన్ అను చోట ముందరి ఇంజను ఇరుసు విరిగి కూలెను. వెనుకనున్న పెట్టెలు దానిమీదికి ఎక్కి, పొయ్యిలోని నిప్పులు సోకి అంటుకొనెను. ప్రయాణికులు దిగిపోకుండుటకై తలుపులకు బయట తాళములు వేయుట నాటి ఆచారము. లోపలివారు లోపలనే కాలిపోయిరి. మృతులు 50 మందికి పైబడిరి. భూగోళమును చుట్టివచ్చిన నావికుడు ద్యుమోన్ ద్యుర్విల్ భార్యతోను కుమారునితోను ఆ మంటలలోనే మరణించెను.

విరిగిన ఇరుసు నాసిరకపుది కాదు. బండి బరువును లెక్కించి చూచినచో, అది మోయవలసిన భారము ఇనుము బలములో కొద్దిపాలు మాత్రమే. అట్లయినను విరిగెను. జర్మనీలోను, ఇంగ్లండులోను ఇట్లే ఇరుసులు అదాటున విరుగుచుండెను. విరిగినచోట ఇనుము గరుకు గింజలుగా మెరయుట చూచి, కదలికల తాకిడికి నారవంటి ఇనుము స్ఫటికముగా మారిపోవుచున్నదని పలువురు నమ్మిరి. స్కాట్లండు దేశీయుడైన యువ ఇంజనీరు రాంకిన్ 1843లోనే దీనికి వేరు కారణమును సూచించెను. ఇరుసు లావు హఠాత్తుగా మారు మూలయొద్ద చిన్న పగులు పుట్టి, రోజురోజునకు లోనికి ప్రాకుచున్నదని ఆయన అభిప్రాయము. ఇది సరియైన మాటయే. కాని ఎంత భారమునకు ఎన్నాళ్ళలో విరుగునో చెప్పగల సంఖ్య ఎవరివద్దను లేకుండెను.

1852లో దిగువ సైలీషియా రైల్వే ప్రష్యా ప్రభుత్వము వశమయ్యెను. ఇరుసులు విరుగుటకు కారణమును శోధించు భారము వోలర్‌పై పడెను. ఆయన మొదట ఇనుమును పరీక్షింపలేదు, మార్గమును పరీక్షించెను. నడుచుచున్న బండి ఇరుసు వాస్తవముగా ఎంత వంగుచున్నది? దీనిని కొలుచుటకు ఆయన స్వయముగా ఒక సాధనమును కల్పించెను. ఇరుసు వంగినపుడెల్ల ఒక ముల్లు జింకు రేకుపై గీత గీయును. రేకును తీసి చూచినచో మార్గమంతటిలో మిక్కిలి పెద్ద వంపు ఎంతయో తెలియును. మెలిదిరుగుటను గూడ ఇట్లే కొలిచెను. బండ్లను ఇట్లు సుమారు 22,000 కిలోమీటర్లు నడిపించి, ఫలితములను 1858లోను, 1860లోను ప్రకటించెను. తీవ్రమైన వంపు మైలునకు ఒకమారు వంతున వచ్చుచున్నదనియు, ఇరుసు 2,00,000 మైళ్ళు మన్నవలెనన్నచో అట్టి 2,00,000 వంపులకు ఓర్చుకొన్న చాలుననియు ఆయన లెక్కగట్టెను. ఒక యంత్రభాగమునకు ఇంత ఆయుర్దాయమని ముందే లెక్కించి రూపకల్పన చేయుట అనునది ఈ ఆలోచనతోనే మొదలయ్యెనన్న అతిశయోక్తి కాదు.

ఆపైన ఇనుము వంతు వచ్చెను. వోలర్ నిర్మించిన యంత్రములలో ప్రసిద్ధమైన దానిలో, ఒక కడ్డీ ఇరుసువలె తిరుగుచుండును. దాని కొనను ఒక స్ప్రింగు క్రిందికి లాగుచుండును. కడ్డీ ఒకమారు తిరిగినపుడు, పైతలమునందలి ప్రతి బిందువును పైకి వచ్చినప్పుడు సాగును, క్రిందికి పోయినప్పుడు నొక్కబడును. రైలు ఇరుసు పడు పాట్లు సరిగా ఇవియే. తిరిగిన చుట్లను లెక్కించు గడియారము ఒకటి దానికి అమర్చబడెను. నేరుగా లాగు యంత్రమును, ఒకే దిక్కునకు వంచు యంత్రమును, మెలిత్రిప్పు యంత్రమును గూడ ఆయన నిర్మించెను. ఒక్కొక్క కడ్డీ విరుగువరకు వేచియుండవలెను. అవి దినములు కావచ్చును, నెలలు కావచ్చును, అంతకు మించియు కావచ్చును.

ఫీనిక్స్ కంపెనీవారి ఇనుప ఇరుసు నుండి తీసిన కడ్డీలకు ఆయన వ్రాసిపెట్టిన పట్టిక చూడదగినది. చదరపు అంగుళమునకు 320 సెంట్నర్ల ప్రతిబలము కలుగునట్లు బిగించిన కడ్డీ సుమారు 56 వేల చుట్లలో విరిగెను. 300 సెంట్నర్లకు దిగినంతనే 99 వేలు పట్టెను. 200కు 49 లక్షలు. 180కి 1 కోటి 91 లక్షలు. 160 సెంట్నర్లకు, అనగా మొదటిదానిలో సరిగా సగమునకు, కడ్డీ 13 కోట్ల 22 లక్షల చుట్లు తిరిగియు విరుగలేదు. భారము సగమైనచో ఆయువు రెండింతలగునని సామాన్యబుద్ధికి తోచును. ఇచ్చట రెండు వేల రెట్లను మించిపోయినది.

ఈ పట్టికనుండి ఆయన తేల్చిన విషయములలో రెండు మనకు ముఖ్యము. ఒకమారు మోసినచో సునాయాసముగా మోయగల భారమే పెక్కుమార్లు వచ్చిపోవుచున్నచో లోహమును విరుచును, అప్పుడు భారము యొక్క పెద్దతనముకంటె అది ఎక్కి దిగు తేడాయే ప్రధానమని మొదటిది. రెండవది చూచుటకు అల్పము. కడ్డీ లావు నుండి సన్నమునకు మారు చోట మూలను కోసుగా వదలినపుడు అది ఎంతో త్వరగా విరిగెను. అదే మూలను గుండ్రముగా మలచినపుడు ఎంతో కాలము నిలిచెను. ఇనుము అదియే, లావు అదియే, భారము అదియే. మారినది పైతలపు రూపము మాత్రమే. చక్రపు గుండ ఇరుసును గట్టిగా పట్టియుండు చోట గూడ బలము ఇట్లే తగ్గుచున్నదని ఆయన గమనించెను.

వంతెనలకు ఈ విషయముతో సంబంధమేమి యని చదువరులు అడుగవచ్చును. వోలర్‌కు వంతెనలు క్రొత్త కావు. ఇరుసులకు పూర్వమే, 1855లో, జాలీ గోడలును రేకు గోడలును గల ఇనుప వంతెన దూలముల సిద్ధాంతమును గూర్చి ఆయన వ్రాసియుండెను. ఇంగ్లండులో విలియం ఫెయిర్‌బెయిర్న్ అదే కాలమున 22 అడుగుల రివెట్ల దూలమునొకదానిని తెచ్చి, రైలు పోకడవలె మరల మరల భారము వేసి పరీక్షించెను. విరుచు భారములో నాలుగవ వంతును దూలము దాదాపు 6 లక్షలమార్లు సహించెను. భారము ఐదింట రెండు వంతులకు పెంచగా 5 వేల చిల్లరమార్లకే విరిగెను. వోలర్ ఫలితములను వంతెనల కొలతలలో వాడు పద్ధతిని బవేరియాలో గెర్బర్ 1874లో ప్రకటించెను. వంతెన తన బరువును తాను ఎల్లవేళల మోయుచుండును, ఆ బరువు మారదు. రైలు వచ్చినపుడు కలుగు అదనపు ప్రతిబలము మాత్రము ఎక్కి దిగుచుండును. అలసట కలిగించునది ఈ రెండవదియే గనుక, వోలర్ కడ్డీల లెక్క వంతెన దూలమునకును వర్తించెను.

వోలర్ తన ఫలితములను 1863, 1866, 1870 సంవత్సరములలో ఒక నిర్మాణశాస్త్ర పత్రికలో ప్రచురించెను. అన్నియు పట్టికలే. ఆయన పేరు మోయుచున్న రేఖను ఆయన గీయలేదన్న మాట వింతగా ఉండును గాని నిజము. ఆయన యంత్రములు బెర్లిన్ నగరమునకు చేరిన పిమ్మట అచట పరీక్షలు కొనసాగించిన ష్పాంగెన్‌బర్గ్ ఆ సంఖ్యలను రేఖలుగా చూపెను. 1910లో అమెరికాలో బాస్క్విన్ లాగరిథం కొలతలతో గీయగా అవి సరళరేఖలయ్యెను. వోలర్ పేరు ఆ రేఖకు స్థిరపడుట ఆయన మరణానంతరపు మాట. 1867లో పారిస్ ప్రదర్శనకు ఆయన పరీక్షల ఫలితములు పోయెను. లండన్ పత్రిక ఒకటి వానిని గూర్చి వ్రాసెను. బయటి ప్రపంచమునకు ఆయన తెలియుట అట్లు మొదలయ్యెను.

1870లో ఆయన ఫ్రాంక్‌ఫర్ట్ విడిచి, బెర్లిన్‌లో రైలు సామగ్రి చేయు కర్మాగారమునకు పోయెను. 1874లో ఆల్సాస్ లొరేన్ ప్రాంతపు రైల్వేల యాజమాన్యమున చేరి స్ట్రాస్‌బర్గ్‌లో స్థిరపడి, 1889లో విరమించెను. ఈ కాలమున ఆయన పట్టుదల యొక్కటే. ఇనుమును, ఉక్కును గుణమునుబట్టి తరగతులుగా విభజింపవలెను, అమ్మువాని మాటపై గాక ప్రభుత్వ పరీక్షాశాలలలో పరీక్షించి కొనవలెను. 1901లో బెర్లిన్ సాంకేతిక విద్యాపీఠము ఆయనకు గౌరవ డాక్టరు పట్టము నొసగెను. 1914 మార్చి 21వ తేదీన, తాను చదువుకొన్న హనోవర్ నగరముననే, 94 ఏండ్ల నిండు వయస్సున కన్నుమూసెను.

ఆయన చూడని వస్తువొకటి ఆయన మాటను మరల పరీక్షకు పెట్టెను. అది వెల్డింగు. ఆయన కాలపు వంతెనలు రివెట్లతో కూర్చినవి. పోలండులో మౌజిత్సె గ్రామమువద్ద 1929లో తెరచిన వంతెన పూర్తిగా వెల్డింగు చేసిన మొదటి రహదారి వంతెనగా పేరొందినది. రెండవ ప్రపంచయుద్ధము తరువాత ఈ పద్ధతి అంతటను వ్యాపించెను. రివెట్లకు రంధ్రములు వేయు పని తగ్గెను, బరువు తగ్గెను, ఖర్చు తగ్గెను. దానితోపాటు వోలర్ కోసు మూల వంతెనలోనికి వెనుక తలుపున ప్రవేశించెను.

ఎట్లనగా, రెండు ఉక్కు పలకలను వెల్డింగు చేసినపుడు కరిగి గడ్డకట్టిన లోహము పలకపై చిన్న గట్టువలె నిలుచును. ఆ గట్టు పలకను తాకు అంచే మన కడ్డీలోని మూల. అంచు మెల్లగా జారినచో మేలు, నిట్టనిలువుగా లేచినచో కీడు. విద్యుచ్ఛాపము తీవ్రముగా కాలి అంచువెంట పలకలో గాడి పడినచో మరింత కీడు. ఇవి యన్నియు బాగున్నను, మిల్లీమీటరులో కొన్ని పదవ వంతుల లోతున చిట్టెము నలుసులు అంచునందు చిక్కుకొని యుండును. ఇరుసు కడ్డీలో పగులు పుట్టుటకే చాల కాలము పట్టును. వెల్డింగు అంచునందు పగులువంటిది మొదటి దినముననే సిద్ధముగా నుండును, అది పెరుగుటయే మిగిలియుండును. పైగా వేడికి సాగి చల్లారి ముడుచుకొన్న లోహమున, బండి యేదియు రాకున్నను, లాగుడు ప్రతిబలము నిలిచియుండును. వర్క్‌షాపు తరగతిలో మేమందరము వెల్డింగు వరుసను చేప పొలుసులవలె ముచ్చటగా నున్నదా లేదా యని చూచి మెచ్చుకొన్నవారమే. ఆ పొలుసులు కాదు, అంచు చూడవలెనని అప్పటికి మాకు తెలియదు.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున ఎల్లో మిల్ పాండ్ వంతెన 1958లో తెరవబడినది. దాని దూలముల అడుగున బలము కొరకు అదనపు పలకలను వెల్డింగు చేసియుండిరి. 1970లో ఆ పలకలలో ఒకదాని కొనయొద్ద, అడ్డముగా వేసిన వెల్డింగు అంచున పుట్టిన పగులు దూలపు అడుగు పట్టీని పూర్తిగా తెగగోసి, నిలువు రేకులోనికి ప్రాకియుండుట కనుగొనిరి. తెరచి పన్నెండేండ్లు. బలము కొరకు చేర్చిన పలకయే బలహీనతకు చోటిచ్చినది. అదే కాలమున లెహై విశ్వవిద్యాలయమున వెల్డింగు దూలములపై జరిగిన విస్తారమైన పరీక్షలు నూరేండ్ల క్రిందటి మాటనే చెప్పినవి. నిర్ణయించునవి రెండు, ప్రతిబలము ఎక్కి దిగు తేడా ఒకటి, అతుకు యొక్క రూపము మరొకటి. ఉక్కు ఎంత గట్టి రకమైనను వెల్డింగు అంచు ఆయువు చెప్పుకోదగినంత పెరుగలేదు. మేలైన ఉక్కు కొన్నంత మాత్రమున చాలదని కొనుగోలుదారులకు ఇది రుచింపని మాటయే.

వంతెన కాకపోయినను, ఉత్తర సముద్రమునందలి అలెగ్జాండర్ కీలాండ్ అను చమురు వేదికను ఇచ్చట విడువరాదు. 1980 మార్చి 27వ తేదీన దాని కాళ్ళను పట్టియుంచు గొట్టమొకటి తెగి, ఒక కాలు ఊడి, వేదిక బోరగిలపడెను. 123 మంది చనిపోయిరి. గొట్టమునకు ధ్వనిగ్రాహక యంత్రమొకటి అమర్చుటకై చేసిన 6 మిల్లీమీటర్ల చిన్న వెల్డింగునందు ఆ పగులు మొదలయ్యెను. వేదిక భారమును మోయు అతుకు కానందున దానిపై ఎవరి దృష్టియు నిలువలేదు.

నివారణ మార్గములు కలవు. అతుకు గట్టును సానబట్టి పలకతో సమము చేయుట వానిలో ఒకటి. ఐరోపా ప్రమాణములలో రెండు పలకలను కొనలు కలిపి చేసిన వెల్డింగునకు, గట్టు ఉన్నచో 90 తరగతియు, సమముగా సానబట్టినచో 112 తరగతియు ఇయ్యబడినవి. తేడా స్వల్పమని తోచును. కాని వెల్డింగు ఆయువు ప్రతిబలపు ఘనమును బట్టి మారును గనుక, గుణించి చూచినచో ఆయువు దాదాపు రెండింతలగును. అంచును మాత్రము సానబట్టు పద్ధతిలో, కనబడు గాడికంటె అర మిల్లీమీటరు లోతునకు పోయి చిట్టెపు నలుసులను తొలగింపవలెను. మెరుగు పెట్టిన మాత్రమున పని కాదు. సాన గీతలు ప్రతిబలము పోవు దిక్కునకే సాగవలెను, అడ్డముగా పడిన గీత మరల ఒక గాడియే. పగులు అంచున గాక అతుకు అడుగున, రెండు పలకల నడుమ మిగిలిన సందునుండి పుట్టునదైనచో, పైన ఎంత సానబట్టినను ప్రయోజనము లేదు. ఎల్లో మిల్ పాండ్‌లో అంచును చిన్న సుత్తి దెబ్బలతో అణచుటయు, విద్యుచ్ఛాపముతో మరల కరిగించి నునుపు చేయుటయు అమలుపరచిరి.

మన దేశపు ఉక్కు కట్టడముల ప్రమాణగ్రంథము ఐ.ఎస్. 800, 2007 కూర్పునందు 13వ అధ్యాయము అలసటకే కేటాయింపబడినది. అందలి రేఖలు వోలర్ పట్టిక సంతతియే. వానిలో ప్రతి అతుకునకు దాని రూపమునుబట్టి ఒక తరగతి యుండును. డ్రాయింగు గీయువాడు ఆ తరగతిని ఎన్నుకొనును, ఆ తరగతిని నిజము చేయువాడు మాత్రము దూలము క్రింద వెల్లకిల పరుండి వెల్డింగు చేయు కార్మికుడు.

వోలర్ చెప్పినదంతయు నేటికిని అట్లే నిలిచినదని చెప్పరాదు. ఒక హద్దుకు దిగువనున్న ప్రతిబలము ఎన్నిమార్లు వచ్చినను లోహమును విరువదని ఆయన పట్టికనుబట్టి చాలకాలము నమ్మిరి. ఈనాడు వంతెనలమీద భారము ఒకే తీరున ఉండదు. అప్పుడప్పుడు వచ్చు అధిక భారము పగులును కొంచెము పెంచిన పిమ్మట, మునుపు హానిచేయని చిన్న భారములు గూడ దానిని పెంచజాలును. అందుచేత ఐరోపా ప్రమాణములు లెక్కింపనక్కరలేని ప్రతిబలమును నిర్ణయించుటకు 10 కోట్ల ఆవృత్తులవరకు పోవుచున్నవి. ఫ్రాంక్‌ఫర్ట్ యంత్రశాలలో ఆ 160 సెంట్నర్ల కడ్డీ 13 కోట్లు దాటి, విరుగకయే నిలిచెను.